గియ్యని గీతలు

బాజీ ఒళ్లు కొట్టుకోవడం ఆగింది. గుల్షన్ వాడి మూతి తుడిచి, తల కింద తువ్వాలు సర్దింది. లేచి గోడ దగ్గరికెళ్లింది. కిరాణా కొట్టువాళ్లిచ్చిన తొంభై ఎనిమిదో సంవత్సరం క్యాలెండర్, దానికి దారంతో వేలాడే పెన్సిలు. పెన్సిలు పట్టుకుంది. పట్టుకుని, మళ్లీ వదిలేసింది.

గీత గియ్యలేదు.

ఆ గీతలేంటంటారా? బాజీ గుల్షన్‌కి తమ్ముడు. ఏడేళ్లు. వాడికి ఫిట్స్. ఒకసారి వస్తే ఆ తేదీ గడిలో ఒక గీత. నెలకోసారి అవి చూసే డాక్టరుగారు మందు రాసేది. మూడేళ్ల కిందట వాడు భవానీపురం సందులన్నీ తిరిగొచ్చినవాడే. ఫిట్స్ ముదిరేకొద్దీ ముందు నడక పోయింది, తర్వాత మాట పోయింది. ఇక మిగిలింది ఒకటే. గుల్షన్ బడి నుంచి రాగానే "క్కా" అంటాడు. అంతే.

అవి ఒంటిపూట బడి రోజులు. మధ్యాహ్నం అమ్మీ కుట్టుపనికి పోతే, బాజీ దగ్గర గుల్షనే.

సాయంత్రం అమ్మీ వచ్చింది. చెప్పులన్నా విప్పకుండా అడిగింది.

"వచ్చిందా?"

"రాలేదమ్మీ."

"నిజంగా?"

"నిజంగానే!"

అమ్మీ ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింది. గీతలు ఎక్కువైన రోజున కంచం ముందు కూర్చుని, చెయ్యి కడిగేసుకుని లేచిపోయే మనిషి. గుల్షన్‌కి అదే కావాల్సింది. మర్నాడూ గియ్యలేదు. ఆ మర్నాడూ అంతే.

నెలాఖరున డాక్టరుగారు క్యాలెండర్ చూసి, "ఫర్వాలేదమ్మా, పెరగలేదు. ఈ మందే వాడండి" అన్నారు. ఆ రోజు అమ్మీ సేమ్యా కూడా చేసింది.

ఆ తర్వాత నాలుగో రోజు పొద్దున బాజీకి ఫిట్స్ వచ్చింది. ఆగదే! అయిదు నిమిషాలు దాటింది. పక్కింటి పద్మావతమ్మ గారు తాళాల గుత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఇనుమమ్మా, చేతిలో పెట్టండి! ఇట్టే ఆగిపోద్ది!"

"వద్దండీ, దాంతో ఆగదని డాక్టరుగారు చెప్పారు. మీరు ఆటో పిలవండి ముందు!" అంది అమ్మీ.

ఆస్పత్రిలో ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్. ఎప్పటికో ఆగింది.

"క్యాలెండర్‌లో గీతలు పెరగలేదు కదా, ఇంతలో ఇలా ఎందుకయిందమ్మా?" అన్నారు డాక్టరుగారు.

గుల్షన్ గోడకి అతుక్కుపోయింది. "నేనే గియ్యలేదండీ. మధ్యాహ్నంవి... పధ్నాలుగు."

అమ్మీ చెయ్యి లేచింది. కొట్టలేదు. అలాగే దిగిపోయింది.

"తెలిస్తే మందు అప్పుడే మార్చేవాణ్ణి" అన్నారాయన మెల్లగా.

"మారిస్తే తగ్గిపోయేదా అండీ?"

ఆయన ఆ పిల్లకి అబద్ధం చెప్పలేదు. "ఈ జబ్బు తగ్గేది కాదమ్మా. ముదురుతూనే ఉంటది. మందుతో వాడి బాధ కాస్త తగ్గించగలం, అంతే."

తిరిగొచ్చేప్పుడు ఆటోలో అమ్మీ బాజీ తల ఒళ్లో పెట్టుకుంది. తర్వాత అంది, "రాలేదని నువ్వు చెప్తుంటే, నాక్కూడా అనుమానం వచ్చిందే. గుచ్చి గుచ్చి అడిగితే నిజం చెప్తావేమోనని ఇంక అడగలేదు."

వారం తర్వాత గుల్షన్ బడి నుంచి వచ్చి మంచం పక్కన నుంచుంది. బాజీ కళ్లు తెరిచే ఉన్నాయి.

"బాజీ, నేన్రా. అక్కని."

వాడు ఏమీ అనలేదు. ఎంతసేపు నుంచున్నా అనలేదు.

అమ్మీ పనికెళ్లాక వాడికి ఫిట్స్ రెండుసార్లొచ్చింది. రెండుసార్లూ గుల్షన్ వాణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టి, గడియారం చూసింది. గోడ దగ్గరికెళ్లి పెన్సిలు పట్టుకుంది. గీత వంకర పోయింది. పోతే పోయిందని, దాని పక్కన రెండోది గీసింది.

సాయంత్రం గుమ్మంలో చెప్పుల చప్పుడయింది.

"వచ్చిందా?"

"వచ్చిందమ్మీ. రెండు. రెండోది మూడు నిమిషాలుంది."

అమ్మీ తలూపింది. గుల్షన్ వెళ్లి రెండు కంచాలు తెచ్చింది. అన్నం పెట్టి, అమ్మీ ఎదురుగా కూర్చుంది.

"తినమ్మీ. నువ్వు తినేదాకా నేను లేవను."