తాయారమ్మ మాట తడబడలేదు

తలమీది శిరోదర్శిని టోపీ గొడుగు బొమ్మను గాలిలో చూపించి, "ఇదేమిటి?" అని అడిగింది.

"ఆతపత్రం," అంది తాయారమ్మ, పెనం మీద దోసె తిరగేస్తూ.

"మాట తడబడింది. కదలకండి," అంటూ ఆ టోపీ ఆమె మెదడును చిత్రం తీసింది. ఏడు నిమిషాల్లో ఆసుపత్రి గగనబండి డాబా మీద దిగింది.

గుండె కవాటం మార్పించుకోవడం ఆ రోజుల్లో పన్ను కట్టించుకున్నంత తేలిక. తొడలోని రక్తనాళం గుండా కొత్తది అమర్చి, మర్నాడే ఇంటికి పంపేవారు. భయమల్లా ఒకటే. కవాటం దగ్గర నలుసంత గడ్డ పుట్టి మెదడుకు చేరితే పక్షవాతం. అందుకే తాయారమ్మకు తొంభై రోజులు ఈ టోపీ. జవాబు తప్పితే చిత్రం తీస్తుంది, సరిగ్గా ఉంటే ఊరుకుంటుంది.

రాజమండ్రిలో నలభై ఏళ్లు తెలుగు చెప్పిన తాయారమ్మ చీమను పిపీలికం అంది, ఏనుగును సామజం అంది. వారంలో నాలుగుసార్లు డాబా మీద బండి దిగింది.

"గొడుగు అనేయొచ్చు కదండీ, టీచర్ గారూ," అంది నర్సు రూతు. "మీరు పోయారనుకుని పక్కింటివాళ్లు దండ కూడా తెచ్చేశారండి."

"మంచి పూలేనా? అయినా డబ్బాకు రాదని నా భాష నేను మానుకోనా?"

ఆసుపత్రివారు విసిగి, రోజూ ఆమె జవాబులు విని అర్థం రాసుకునే పని రూతుకే అప్పగించారు. రూతు నోటుపుస్తకం సగం నిండింది.

ఒక గురువారం టోపీ నెమలిని చూపించింది.

"నెమలి," అంది తాయారమ్మ.

"సరైన జవాబు. మీ ఆరోగ్యం భేషుగ్గా ఉంది."

మయూరమో కేకియో రాసుకుందామని ఆసుపత్రిలో వింటున్న రూతు కలం పక్కన పెట్టి, టోపీలోంచే పలికింది. "ఇంకో పేరు చెప్పండి, టీచర్ గారూ."

"నెమలి... నెమలేనే."

"చిత్రం తియ్యి," అని రూతు టోపీని ఆదేశించింది.

"అవసరం లేదు."

"తియ్యమన్నానా!"

మెదడులో ఎడమవైపు ఆవగింజంత గడ్డ కనిపించింది. గంటలోపే కరిగించారు.

ప్రాణం దక్కింది గాని, పాత మాటలు చాలావరకు చెదిరిపోయాయి. రూతు డ్యూటీ దిగాక నోటుపుస్తకం పట్టుకొచ్చి, మంచం పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చెప్పేది. ఒత్తు జారితే మళ్లీ పలికించేది. ఒకనాడు ఒకే మాట పదకొండుసార్లు అనిపించింది.

"నా సర్వీసులో ఇంత చండశాసనురాలైన పంతులమ్మను చూడలేదు," అంది తాయారమ్మ, ఎంతో తృప్తిగా.

"మాట్లాడకుండా పన్నెండోసారి అనండి," అంది రూతు.