బల్లి పడ్డ పొద్దున

ఆ రోజు పురానాపూల్ ఇంట్లో ఉన్నది నలుగురే. మంచం మీద కూర్చుని పూలదండ గుచ్చుతున్న సుశీలమ్మ, వంటింట్లో ఆమె కోడలు సావిత్రి, టీవీ ముందు నాలుగేళ్ల మనవడు నందు, వాడి పక్కన పూజిత. పూజిత సావిత్రి అక్క కూతురు. ఊళ్లో పదో తరగతి అయ్యాక ఇంటర్ చదవడానికి ఇక్కడికి వచ్చింది. సావిత్రి భర్త కైలాసం అప్పుడే లాడ్ బజార్‌లోని గాజుల దుకాణానికి వెళ్లిపోయాడు.

టీవీలో ‘బుజ్జి డైనోల బడి’ వస్తోంది. ఆ బొమ్మల కార్యక్రమం నందుకన్నా పూజితకే ఎక్కువ ఇష్టం. పొడుగు మెడ డైనో పాప ఒక పాదముద్ర దగ్గర నిలబడి, "ఇది ఎవరిది?" అని అడుగుతుంది. అడిగి ఊరుకుంటుంది. చూసే పిల్లలు ఆలోచించుకునేదాకా తెర మీద ఎవరూ మాట్లాడరు. జవాబు తప్పయితే "మళ్లీ చూద్దాం" అంటుందే తప్ప నవ్వదు. ఊరి బడిలో నోరు తెరవడానికే భయపడిన పూజితకు, ఆ కాసేపు ఆగడం ఎంతో దయగా తోచేది.

అంతలో గోడ మీది బల్లి జారి సరిగ్గా సుశీలమ్మ నెత్తిన పడింది.

"అయ్యో దేవుడా! నెత్తి మీదనే పడ్డది! ఇంక నా పని అయిపోయినట్టే!" పూలన్నీ చెల్లాచెదురయ్యాయి.

సావిత్రి గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. "ఏం గాదత్తమ్మా. తలకు పోసుకొని దీపం పెట్టుండ్రి."

"నానమ్మా, అది మా దోస్తు!" అన్నాడు నందు. "రాత్రి లైటేస్తే పురుగులొస్తయ్, అది తింటది. అక్కనే లైటేస్తది."

సుశీలమ్మ పూజిత వైపు తిరిగింది. "ఏందే? నా మంచం మీద బల్లిని సాదుతున్నవా? చదువుకోనీకొచ్చినవా, పోరనికి రాక్షసబల్లుల చదువు చెప్పనీకొచ్చినవా?"

"అవి బల్లులు గావు నానమ్మా," అన్నాడు నందు. "డైనోలకు కోడి దగ్గరి చుట్టం."

"ఛీ! పొద్దుపొద్దున కోడి పేరెందుకురా? సావిత్రీ, మీ అక్కకు ఫోన్ చెయ్. ఈ పిల్లను ఈ పొద్దే తోల్కపొమ్మను."

"పరీక్షలు దగ్గరికొచ్చినయత్తమ్మా..."

"నా పానం పోయినా ఫికర్ లేదా నీకు?"

సావిత్రి ఫోన్ తీసింది. ఇప్పుడు మాట్లాడకపోతే తన చదువు ఇక్కడితో ఆగిపోతుందని పూజితకు తెలుసు. అయినా నాలుక కదల్లేదు.

నందు మంచం పక్కన గొంతుక్కూర్చుని, కిందికి దూరిన బల్లిని చూస్తున్నాడు. "అక్కా, ఇది ఎందుకు పడ్డది?"

"ఎందుకేందిరా, నా కర్మ..."

వాడు నానమ్మ వైపు తిరిగి పెదాల మీద వేలు పెట్టాడు. "ష్! అక్కనడిగిన. అడిగినంక ఆగాలె."

సుశీలమ్మ తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. సావిత్రి కూడా ఫోన్ దించింది. అందరూ తన మాట కోసమే ఆగిన ఆ క్షణం పూజితకు కొత్తగా ఉంది. గోడ వైపు చూసింది.

"గోడ తడిగున్నది నానమ్మా. ఇందాక మీరే తడిబట్టతోటి తుడిచిండ్రు. తడి మీద బల్లి కాళ్లు పట్టవు. జారిందంతే. మీకేం గాదు." ఊపిరి తీసుకుంది. "లైటేసింది మాత్రం నేనే. ఇంక వెయ్య."

సుశీలమ్మ గోడ మీద అరచెయ్యి పెట్టి చూసుకుంది. చల్లగా తగిలింది.

"నానమ్మా, బల్లి మీద నువ్వు పడ్డట్టే గదా?" అన్నాడు నందు. "మరి అది గూడ తలకు పోసుకోవాల్నా?"

సావిత్రి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుశీలమ్మ ఆపుకోవాలనే చూసింది కానీ నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "ఇన్నేండ్లు బల్లి పడితే తానం చేసుడే గానీ, ఎందుకు పడ్డదని ఒక్కనాడు అడగలే. నీ నోట్ల ఇన్ని మాటలున్నయానే పిల్లా?"

అయినా ఆమె తలస్నానం చేసే వచ్చింది. తడి జుట్టుతోనే టీవీ ముందు కూర్చుంది. "ఏదిరా, ఆ కోడి చుట్టాలను సూపియ్యి."

పూజిత గుమ్మం దగ్గరే నిలబడింది. "నానమ్మా, నేను ఊరికి..."

"ఊరికి పోతే వీని సవాళ్లకు జవాబు నేను చెప్పాల్నా? పో, చదువుకో."

పూజిత కళ్లలో నీళ్లు తిరిగాయి. గదిలోకి వెళ్లి పుస్తకం తెరిచింది. కానీ చూపు టీవీ మీదికే పోయింది. డైనో పాప ఏదో అడిగి ఆగింది. సుశీలమ్మ నుదురు ముడిచి ఆలోచిస్తోంది. అంతలో వెనక్కి తిరిగి, తొంగి చూస్తున్న పూజితను పట్టేసింది.

"జవాబు నన్నడిగిండ్రు, నిన్ను గాదు," అంటూ లేచి వచ్చి, చప్పుడు లోపలికి పోకుండా పూజిత గది తలుపు దగ్గరగా మూసేసింది.