ఏకాదశి నాటి ఊపిరిపలక

"నీ పలకకి మతి లేదే! ఏకాదశి పూట నేను అబద్ధమాడతానేటి?" అప్పటికి మూడోసారి అంది మోక్షితమ్మ.

"మతితో కాదత్తయ్యా, కొలిచి చెబుతుంది అది," అంది కోడలు హైమ, రాత్రి భోజనాలకు, అత్తగారి ఫలహారానికి కలిపి మూడు పళ్లేలు సర్దుతూ. కళ్లు తిరిగినట్టయి గోడ పట్టుకుంది. ఈ వారంలో ఇది మూడోసారి. ఎవరూ చూడలేదు.

అది 2081. విశాఖ ఎండలకు మేడలన్నీ కిటికీలు మూసుకుని బతుకుతున్నాయి. లోపలి గాలిని కనిపెట్టి ఉండడానికి ప్రతి ఇంట్లోనూ ఒక మాట్లాడే ఊపిరిపలక. దానిమీద ఊదితే పరారుణ కాంతి ఆ ఊపిరిలోంచి దూసుకుపోతుంది. నైట్రోజన్ అణువుకు రెండు కొసలా ఒకే పరమాణువు. సాగినా ముడుచుకున్నా విద్యుదావేశం ఏ పక్కకూ ఒరగదు కనుక ఆ కాంతికి అది లేనట్టే. కార్బన్ డయాక్సైడ్ కూడా తన రెండు ఆక్సిజన్ చేతులూ ఒక్కసారే చాస్తే దొరకదు. ఒకటి చాచి ఒకటి ముడిచినప్పుడో, నడుం వంచినప్పుడో సౌష్ఠవం చెడి, ఆవేశపు ఒరుగుదల, అదే ద్విధ్రువ భ్రామకం, మారి కాంతిని మింగుతుంది. అసిటోన్ పుట్టుకతోనే ఒక పక్కకు ఒరిగిన అణువు, కాంతికి ఇట్టే దొరుకుతుంది. కడుపు మాడ్చుకుంటే ఊపిరిలో పెరుగుతుంది. అది మింగిన కాంతిని చూపే గీతను పలకలో చేర్చింది హైమ పనిచేసే ప్రయోగశాలే.

ఆ సాయంత్రం వంటింటి గాలిలో ఆ గీత లేవడం అందరి కంటా పడింది. తన ఉపవాస మహిమేనని మోక్షితమ్మ మురిసిపోయింది. కొడుకు తరుణ్ ఊరుకోక ఆవిడ చేత ఊదించాడు. గీత కదల్లేదు.

"రెండు అరటిపళ్లు, గ్లాసుడు పాలు. అదీ ఒక తిండేనా? ఫలహారం!"

"గిన్నెడు సగ్గుబియ్యం పాయసం కూడా, నానమ్మా," అంది మనవరాలు ఇందుజ.

"నోర్ముయ్యవే, పోలీసుదానా!"

తరుణ్ ఊదాడు, ఇందుజ ఊదింది. గీత లేవలేదు.

"పలకే పాడైందేమో," అంటూ హైమ ప్రయోగశాల అలవాటు కొద్దీ ముందు పలక పక్కనుండే నైట్రోజన్ బుడ్డి విప్పి దానిమీద వదిలింది. సరిగ్గా సున్నా. పలక బాగానే ఉంది. తర్వాత తను ఊదింది. గీత నిటారుగా లేచి నిలబడింది.

"ఈ ఊపిరి గీత మూడు నెలలుగా సాయంత్రాలు వంటింటి గాలిలో ఇలాగే లేస్తోంది," అంది పలక.

"మరి చెప్పవేం?" అన్నాడు తరుణ్.

"ఎవరూ అడగలేదు."

ఆ గీతను లేపే ఇంకో కారణం మధుమేహం; అది హైమకు లేదని పోయిన నెలే తేలింది. మధ్యాహ్నం డబ్బా విప్పే తీరిక ఉండదు. రాత్రి అందరికీ వడ్డించేసరికి ఆకలి చచ్చిపోతుంది. వేలమంది ఊపిరి గీతలు చదివిన హైమ తన గీత ఎన్నడూ చూసుకోలేదు.

"తర్వాత తింటానంటావు కదే," అంది మోక్షితమ్మ గొంతు తగ్గించి. "తింటున్నావనే అనుకున్నాను."

"నేనూ అలాగే అనుకున్నానత్తయ్యా."

హైమ నాలుగో పళ్లెం తెచ్చి బల్లమీద పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుని ముగ్గురి వంకా చూసింది.

"ఈ పూట నుంచి నేనూ మీతోపాటే తింటాను. ఎవరికి కావలసింది వాళ్లే లేచి వడ్డించుకోండి."