వెన్నుపీట నేర్చుకున్న పాఠం

2068 నాటికి విశాఖపట్నంలో కుర్చీలన్నిటికీ మాట వచ్చేసింది. సిటీ బస్సులో కాలు మీద కాలేసుకుంటే సీటు "దించండి" అనేది. బ్యాంకులో కుర్చీ "మీ వంతు రావడానికి ఇంకా నలభై నిముషాలుంది, నడుం వాల్చండి" అని సలహా ఇచ్చేది. ఇంత జరిగినా ఇళ్ళలో "సరిగ్గా కూర్చో" అనే మాట మాత్రం ఆగలేదు. వెన్నుపీటను కనిపెట్టిన శ్రీనికే ఆ మాట రోజుకు పదిసార్లయినా అనేది.

వెన్నుపీట చూడటానికి కుర్చీలో వేసుకునే దిండులాంటిదే. లోపల నాలుగువేల స్పర్శకణాలు, అంటే టచ్ సెన్సర్లు. వాటి మధ్య అవసరాన్ని బట్టి గట్టిపడే, మెత్తబడే జెల్. పక్కవంపు ఉన్న పిల్లల కోసం దీన్ని చేశారు. డాక్టర్లు దాన్ని స్కోలియోసిస్ అంటారు. ఎదిగే వయసులో వెన్నెముక పక్కకు ఒరిగి మెలితిరుగుతుంది. వంకరగా కూర్చున్నందువల్ల అది రాదు. చాలామంది పిల్లలకు ఎందుకొచ్చిందో 2068లో కూడా ఎవరూ చెప్పలేకపోయేవారు. ఎముక ముదిరేలోగా దన్ను దొరికితే మాత్రం వంపు పెరగకుండా ఆపొచ్చు. పాతకాలంలో అందుకు గట్టి ప్లాస్టిక్ తొడుగు బిగించేవారు. వెన్నుపీట ఏదీ బిగించదు. కూర్చున్న మనిషికి తెలియకుండా ఒక పక్క వెంట్రుకవాసి ఎత్తుతుంది, ఇంకో పక్క దించుతుంది. ఒళ్ళు దానంతట అదే సర్దుకుంటుంది.

ఎలా సర్దుకోవాలో పీటకు ఎవరు చెప్పాలన్నదే చిక్కు. మొదట్లో కొలతలు నొక్కే మీటలు పెట్టారు. తల్లిదండ్రులు పక్కింటి ఫస్టు ర్యాంకు పిల్ల కూర్చునే కొలతలు కనుక్కొచ్చి మరీ నొక్కారు. మీటలు తీసేశారు. అప్పుడు శ్రీనికకు ఒక ఆలోచన వచ్చింది. బిడ్డ చక్కగా కూర్చుంటే తల్లి "ఆ, బాగుంది" అంటుంది కదా. పీట ఆ గొంతు విని, ఆ క్షణాన ఒళ్ళున్న తీరే సరైనదని గుర్తుపెట్టుకుంటే చాలు. ఈ ఆలోచనకు ఆమెకు జాతీయ బహుమతి వచ్చింది. దాన్ని హాల్లో, వచ్చినవాళ్ళకు కనబడే చోట పెట్టుకుంది.

ఇలా గొంతు విని నేర్చుకునే మొదటి పీట సొంత కూతురికే ఇచ్చింది. ముత్తమ్మమ్మల పేర్లు మళ్ళీ ఫ్యాషనయిన రోజులు కనుక ఆ పిల్ల పేరు నూకరత్నం. పద్నాలుగేళ్ళు. స్కూలు కబడ్డీ జట్టులో కూతకెళ్ళేది. పీట ఎక్కే నాటికి వంపు ఇరవై ఆరు డిగ్రీలు.

ఎనిమిది నెలల తర్వాత డాక్టర్ మణిదీప్ తెర మీద రత్నం వెన్ను కొలత చూశారు. ఆయనకు అరవై దాటాయి.

"ముప్పై తొమ్మిది," అన్నారు.

"మీ మెషీను పాడయిందేమో డాక్టర్‌గారూ," అంది శ్రీనిక.

"రెండు మెషీన్ల మీద తీయించానమ్మా. రెండూ కూడబలుక్కుని పాడయ్యాయంటే చెప్పలేను." ఆయన కుర్చీ ఇటు తిప్పారు. "ఎదుగుదల ఇంకో నాలుగు నెలలుంది. ఈలోగా నలభై అయిదు దాటితే ఆపరేషన్ తప్పదు. వెన్నుకు కడ్డీలు వెయ్యాలి."

"కడ్డీలేస్తే కూతకెళ్ళొచ్చా అండీ?" అని అడిగింది రత్నం.

"ఇప్పటంత వీలుగా వంగలేవు తల్లీ."

"వంగకుండా కూతకెళితే పట్టేస్తారండీ," అంది రత్నం.

శ్రీనిక కూతురి భుజాల వైపు చెయ్యి చూపింది. "భుజాలు సమంగానే ఉన్నాయి కదండీ. మా చుట్టాలందరూ పిల్లకి బాగైపోయిందంటున్నారు."

"అదే నాకూ అంతుపట్టడం లేదు. పైన సమంగా ఉంది, లోపల వంపు పెరిగింది. ఒకసారి మీ పీటనే అడగండి."

శ్రీనిక వంగి, ఇంటి నుంచి తెచ్చి రత్నం కింద వేసిన పీటనడిగింది. "ఈ పిల్లని ఇలా ఎందుకు కూర్చోబెట్టావు?"

"మీరు నేర్పినట్టే కూర్చోబెట్టాను," అంది పీట, వార్తలు చదివే గొంతుతో. "ఎత్తుగా ఉన్న కుడి భుజం దిగాలంటే నడుమును ఎడమకు తొయ్యాలి. తోశాను."

"నేనలా నేర్పలేదు. రోజుకు ఎన్నోసార్లు బాగుందంటాను. అన్నిసార్లూ అలాగే ఉందా?"

"మీరు బాగుందన్న వాటిలో ఎక్కువ భాగం పోపు వేసుకుంటూనో, ఫోను చూసుకుంటూనో అన్నవి. అలాంటివి లెక్కలోకి తీసుకోవద్దని మీరే జల్లెడ పెట్టారు. మనస్ఫూర్తిగా అన్నవి ముప్పై ఒకటి. వాటి నుంచే నేర్చుకున్నాను."

"అవి వినిపిస్తావా?" అన్నారు డాక్టర్.

శ్రీనిక వద్దనేలోపే పీట మొదలుపెట్టింది.

"ఆగస్టు తొమ్మిది. రత్నం మేనత్త హర్షితగారు హాల్లో ఉన్నారు." తర్వాత శ్రీనిక గొంతే వినిపించింది, గండం గడిచినట్టు. "ఆ... ఇప్పుడు బాగుంది."

"సెప్టెంబరు రెండు. పై ఫ్లాటువాళ్ళు పేరంటానికి పిలవడానికి వచ్చారు." మళ్ళీ అదే గొంతు. "బాగుంది తల్లీ."

"అక్టోబరు ఇరవై. ఓణీల ఫంక్షన్. ఫోటోల ముందు." ఈసారి గుసగుస. "బాగుంది, బాగుంది. ఇలాగే ఉండు, కదలకు."

"ఆ రోజు అమ్మ నా జాకెట్లో ఎడం పక్క చేతిరుమాలు మడిచి పెట్టి కుట్టింది డాక్టర్‌గారూ," అంది రత్నం. "రెండు భుజాలూ ఒకేలా కనబడాలని." ఆ పిల్ల ఫిర్యాదుగా అనలేదు. కబడ్డీ స్కోరు చెప్పినట్టు చెప్పింది.

డాక్టర్ గోడ మీద క్యాలెండరులో ఈ నెల సెలవులు ఎన్నున్నాయో శ్రద్ధగా చూడసాగారు. పీట ఒక్కొక్కటే చెప్పుకుపోయింది. ఇంట్లో తామిద్దరే ఉన్నప్పుడు అన్నది ఒక్కటైనా వస్తుందని శ్రీనిక చెవులు రిక్కించి వింది. ముప్పై ఒకటీ అయిపోయాయి. రాలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసి మళ్ళీ వేసింది.

"వేరే గొంతుతో నేర్పిద్దామా?" అన్నారు డాక్టర్.

"కొత్త గొంతు పట్టుబడటానికి దీనికి ఆరు నెలలు పడుతుందండీ."

"మనకున్నవి నాలుగు. అయితే మీరే చెప్పాలి."

ఆయన లేచి రత్నం నడుముకు ఒక పక్క చిన్న దిండు ఎత్తు పెట్టి, తెర చూసుకుంటూ అటూ ఇటూ సర్దారు. తెర మీద అంకె దిగుతూ వచ్చి ముప్పై ఒకటి దగ్గర ఆగింది. వెన్నుకు మేలైన భంగిమ అదే. చూపుకు మాత్రం కుడి భుజం ఎగదన్నుకొచ్చింది. రెక్క ఎముక చొక్కా కింద నుంచి పొడుచుకొచ్చింది. ఎనిమిది నెలలుగా ఎవరి కంటా పడకుండా దాచినదంతా ట్యూబులైటు కింద బయటపడింది.

"ఇప్పుడు చెప్పండి."

"బాగుంది," అంది శ్రీనిక.

"నమోదు కాలేదు," అంది పీట.

"బాగుంది." ఈసారి గట్టిగా.

"నమోదు కాలేదు."

శ్రీనిక కళ్ళు మూసుకుంది. గొంతులోకి తేనె తెచ్చుకుంది. "బాగుంది తల్లీ."

"నమోదు కాలేదు."

"కళ్ళు మూసుకుని అనకమ్మా," అంది రత్నం. "నన్ను చూసి అను."

డాక్టర్ చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి బయటికి వెళ్ళిపోయారు.

శ్రీనిక కళ్ళు తెరిచింది. కూతురి వెనక్కి వెళ్ళి, పొడుచుకొచ్చిన ఆ ఎముక మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. దాని కింద రత్నం ఊపిరి పైకీ కిందికీ ఆడుతోంది. దీన్నే ఇన్నాళ్ళూ దుపట్టాలతో, జడతో, ఫోటోలో నిలబెట్టే వరసతో కప్పుతూ వచ్చింది.

"సిగ్గుపడ్డాను రత్నం. నిన్ను చూసి, నలుగురిలో..." మిగతాది రాలేదు.

పీట అంచున పచ్చ దీపం వెలిగింది.

"ఇది మనస్ఫూర్తిగా అన్న మాటే," అంది పీట. "అయితే ఇలా కూర్చోకూడదని దీన్ని పాఠంగా తీసుకోమంటారా?"

"వద్దు," అంది శ్రీనిక.

"సరే. మళ్ళీ చెప్పండి."

రత్నం కదలకుండా, ఆ భుజాన్ని అలాగే ఎత్తి పెట్టుకుని కూర్చుంది.