చోటు మారే నొప్పి

పోచంపల్లి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు పెట్టుకున్న ఇంట్లో చిన్నవాడు విజయ్‌కుమార్. పొద్దస్తమానం పరుపు మీద కూర్చుని చీరలు విప్పడం, మడవడం. దాంతో ఏడాదిగా నడుము నొప్పి. ఫిజియోథెరపీ క్లినిక్‌లో వైద్యం చేసే సూర్యప్రభ తన వీపు మీద వేలు పెట్టి నొక్కగానే అరవబోయి, అందమైన అమ్మాయి ముందు బాగుండదని పళ్ళు బిగబట్టాడు.

"నొప్పిగా ఉంటే చెప్పాలండీ. పళ్ళు బిగిస్తే నడుమూ బిగుస్తుంది," అందామె. వాళ్ళది తెనాలి నుంచి వచ్చిన కుటుంబం.

గంటల తరబడి కింద కూర్చోవద్దంది. వ్యాయామాలు నేర్పింది. అన్నీ బుద్ధిగా చేశాడు. అక్కడే చిక్కొచ్చింది, నొప్పి తగ్గిపోయింది. ఇక క్లినిక్‌కు రావడానికి సాకేది? ఒకరోజు ఎడమ పక్కన్నాడు, ఇంకోరోజు భుజమన్నాడు. సూర్యప్రభ నవ్వు ఆపుకుంటూ ప్రతిసారీ కొత్త వ్యాయామం చెప్పేది.

ఇంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి. గొడవలు సద్దుమణిగేదాకా తెనాలి వెళ్ళిపోదామని నాన్న అంటున్నారని సూర్యప్రభ మాటల మధ్యలో చెప్పింది. అది విన్నప్పటి నుంచి విజయ్ మెడా నడుమూ కొయ్యలా బిగుసుకుపోయాయి.

మర్నాడు ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీదే వండి తినే నిరసన, వంటావార్పు. రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని దిగులుగా కూర్చున్న విజయ్, లేవబోయి లేవలేకపోయాడు. మన్సూరాబాద్‌లోని ఇంటికి పోతూ, దారి మూసేయడంతో స్కూటీ నెట్టుకొస్తున్న సూర్యప్రభ అతన్ని చూసి పరుగున వచ్చింది. బ్యానర్ పరిచి, మోకాళ్ళు మడిచి పడుకోబెట్టింది.

"ఇయ్యాల నిజంగనే నొస్తుంది మేడమ్," అన్నాడు.

"మరి ఇన్నాళ్ళూ?"

విజయ్ నాలుక కరుచుకున్నాడు. పప్పు కలుపుతున్న అతని తల్లి కొమురమ్మ గరిటెతోనే వచ్చింది.

"నొప్పి ఎప్పుడో పోయిందంటివి గద బిడ్డా? మొన్ననే గదా నీళ్ల క్యాను మెట్లెక్కి మోసింది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇక దాచేదేమీ లేదు.

"మీరు తెనాలి పోతరంటే పట్టేసింది. జర పోకుండ్రి," అన్నాడు విజయ్, ఆకాశంకేసి చూస్తూ.

సూర్యప్రభ చెవులు ఎర్రబడ్డాయి. అతని మోకాలిని మెల్లగా ఛాతీ వైపు నొక్కుతూ, నాన్న వెళ్తే వెళ్తారు గానీ తను మాత్రం ఎక్కడికీ వెళ్ళనని చెప్పింది.

కొమురమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, విస్తరాకులో అన్నం, పప్పు పెట్టి తెచ్చి సూర్యప్రభ చేతికిచ్చింది. "ముందుగాల తిను బిడ్డా. మీ నాయినతోని నేను మాట్లాడుత."

విజయ్ నెమ్మదిగా లేచి కూర్చున్నాడు. రేపు క్లినిక్‌కు రావాలా అని అడిగాడు.

"నొప్పి ఉంటే క్లినిక్‌కి రండి," అంది సూర్యప్రభ, ముద్ద కలుపుకుంటూ. "లేకపోతే మా ఇంటికి రండి."