తిన్నావా అని అడిగే గూడు

మా గుడి వెనక మూల మంచిది కాదు. బ్యాంకాక్‌లో కాలువకు ఇవతల ఉన్న మా బజారులో ఎవరినైనా అడగండి, చేపలమ్మే ఆవిడ దగ్గర్నుంచి తాయెత్తుల కొట్టు ముసలాయన దాకా అందరూ ఇదే మాట చెబుతారు. చీకటి పడ్డాక ఆ గోడ పక్కనుంచి పోతే వెనకనుంచి పిలుపు వస్తుంది... మగ గొంతు... మెత్తగా...

"తిన్నావా?"

అంతే. ఇంకేమీ అనదు.

మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. గొంతు పిసికే దెయ్యాలున్నాయి, పేగులు వేలాడేసుకుని ఎగిరే దెయ్యాలున్నాయి, మా దేశంలో దెయ్యాలకు కరువేముంది? భోజనం అయిందా అని కనుక్కునే దెయ్యాన్ని మాత్రం మా బజారువాళ్లే సంపాదించారు. మా అత్తగారు బతికున్నన్నాళ్లూ నన్ను ఆ ముక్క అడిగిన పాపాన పోలేదు.

బజారువాళ్లు నవ్వలేదు. ఆ పిలుపుకు బదులిస్తే పోతారట. "ఇంకా లేదు" అంటే "అయితే నాతో రా" అని తీసుకుపోతుందట. "తిన్నాను" అంటే "అయితే ఇప్పుడు నా వంతు" అంటుందట. ఇంత పకడ్బందీగా ఆలోచించింది దెయ్యం కాదు, మా గైడు వినై అని నా అనుమానం.

ఆ మూల చూడటానికి కూడా అలాగే ఉంటుంది లెండి. ఇంటి ముందు దిమ్మె మీద దేవతకు బుల్లి ఇల్లు పెట్టుకుంటాం కదా, అది విరిగితేనో, ఉన్న ఇల్లు అమ్మేస్తేనో, ఆ గూటిని ఏం చెయ్యాలి? ఉంచుకోవాలంటే భయం, చెత్తలో పారెయ్యాలంటే ఇంకా భయం. అందుకని ఆటోలో తెచ్చి, గుడి వెనక గోడకు ఆనించి, ఓ దండం పెట్టి, వెనక్కి చూడకుండా పోతారు. అలా చేరినవి బోలెడు. కప్పు ఊడినవి, మెట్లు విరిగినవి, తల లేని బొమ్మలు... వాటి మీద ఒక ముసలి దేవగన్నేరు పూలు రాలుస్తూ ఉంటుంది. లోపలి దేవత ఉందో, ఖాళీ చేసిందో ఎవరూ వంగి చూడరు.

పిలుపు మొదలయ్యాక ఆ గూళ్ల ముందు అరటిపళ్లు పెట్టడం మొదలైంది. ఎర్ర సోడా సీసాలు కూడా, మూత తీసి, గొట్టం వేసి మరీ. గొట్టం లేకపోతే దెయ్యం తాగలేదు కాబోలు. తెల్లారేసరికి పళ్లు తొక్కలయ్యేవి. ఇంకేం కావాలి? తింటోంది అన్నారు.

నేను గుడి ముందు మల్లెదండలు అమ్ముతాను. నా పక్కన పంజరాల్లో పిట్టలు అమ్ముతారు, పుణ్యం కోసం వదిలెయ్యడానికి. మా ఇద్దరికీ ముందు వాకిలితోనే పని. కాబట్టి ఈ కథలో చాలావరకు వినై చెప్పగా విన్నదే. వాడు చెప్పిందాంట్లో సగం తీసేసి మీకు చెబుతున్నాను.

వినై పరదేశీయులను గుళ్లూ బజార్లూ తిప్పుతాడు. బుద్ధుడి ముందు కూర్చోబెట్టి కోరికలే దుఃఖానికి మూలం అని చెబుతాడు, బయటికి రాగానే తనకు తెలిసిన పట్టుబట్టల కొట్టుకు తీసుకెళతాడు. అలాంటివాడికి దెయ్యం దొరికితే వదులుతాడా? సాయంత్రాలు కొత్త తిరుగుడు పెట్టాడు. ముందు గుడి, తర్వాత బజారు, ఆఖర్న దెయ్యం. వెనక గోడ మలుపు దాకా నడిపించి, గొంతు తగ్గించి, "ఇక్కణ్ణుంచి ముందుకు... ఎవరూ వెళ్లరు..." అని అందర్నీ వెనక్కి తిప్పేవాడు.

ఆ ఎవరూ వెళ్లని దారి చివరే కేసోన్ అక్క గంజికొట్టు.

పాత రేవు దగ్గర ఉంటుంది. బియ్యం మెత్తగా ఉడికించి, అల్లం, ఉల్లికాడలు చల్లి, వేడి మీద గుడ్డు కొట్టి ఇస్తుంది. ఆవిడ భర్త తావీ బావ ఉన్నన్నాళ్లూ అక్కడ కూర్చోవడానికి చోటు దొరికేది కాదు. వచ్చేపోయేవాళ్లందర్నీ కేకేసి కూర్చోబెట్టేవాడు. ఆయన పోయాక జనం పలచబడ్డారు, దెయ్యం వచ్చాక పూర్తిగా మానేశారు. స్థలం గుడిది. భిక్షువుల చాతుర్మాస్యం ముగిసేలోగా కొట్టు పుంజుకోకపోతే ఆ చోటు ఫోన్ల తొడుగులు అమ్మేవాడికి ఇచ్చేస్తామని కమిటీవాళ్లు చెప్పేశారు.

"ఆయన వేసిన పొయ్యే అది. దాన్ని వదిలేసి నేనెక్కడికి పోనే?" అంది అక్క నాతో, మోకాలు రాసుకుంటూ. కిందటేడు వానల్లో రేవు మెట్ల మీద జారిపడ్డప్పటి నుంచి ఆ మోకాలు ఆవిడను నడవనివ్వదు. ఇంటి నుంచి కొట్టుకు పడవలో వస్తుంది, పడవలోనే పోతుంది. గుడి వెనక దారి తొక్కనే లేదు.

నాకు ఒళ్లు మండింది. వినైని పట్టుకుని దులిపేశాను.

"ఒరే, పని లేక రోడ్లు కొలిచిన రోజుల్లో నీకు గంజి పోసిందెవరు? తావీ బావ కాదూ? ఇప్పుడు ఆయన కొట్టు నీ కథలకే మూతపడుతోంది."

"నేనేం చేశానత్తా? దెయ్యాన్ని నేను తెచ్చి పెట్టానా?"

"తేకపోతే మంచిదే. రేపు నీ మందను ఆ కొట్టుదాకా తోలుకెళ్లి తలా గిన్నె గంజి తాగించు."

"అమ్మో! ఆ గోడ దాటా?" మెడలోని తాయెత్తులన్నీ గుప్పిట్లోకి తీసుకున్నాడు. "వాళ్లకు కథ చెప్పడం వేరత్తా, మనం పోవడం వేరు."

తనమ్మే సరుకు తనే నమ్మే వ్యాపారిని వాణ్ణొక్కణ్ణే చూశాను.

మర్నాడు సాయంత్రం సన్నగా తుంపర. వినై వెంట వచ్చినవాళ్లలో ఒక పరంగి ముసలావిడ ఉంది. నా దగ్గర దండ కొని, మెడలో వేసుకోవాలో దేవుడికివ్వాలో తెలియక చేతికి చుట్టుకుంది. వినై మలుపు దాకా నడిపించాడు, గొంతు తగ్గించాడు, అందరూ భుజాలు ముడుచుకున్నారు, వెనక్కి తిరిగారు. బజారులోకొచ్చి చూసుకుంటే ముసలావిడ లేదు.

"గొడుగావిడా? గోడ వెంట తిన్నగా పోయిందే," అంది చేపలమ్మే ఆవిడ. "నీ కథ విన్నట్టు లేదు పాపం. గోడకు ఫొటోలు తీసుకుంటోంది."

వెళితే దెయ్యం పట్టుకుపోతుంది. వెళ్లకపోతే పోలీసులు పట్టుకుపోతారు. వినై రెండూ తూచి చూసి దెయ్యమే నయమనుకున్నాడు.

గోడ మీద ఒక్కటే బల్బు. అదీ ఆరుతూ వెలుగుతూ... కింద తడిసిన పూల మీద కాళ్లు జారుతున్నాయి. పక్కన గూళ్లు... విరిగిన వాకిళ్లలోంచి తల లేని బొమ్మలు... వినై తల వంచుకుని, నోట్లో మంత్రం నములుతూ నడిచాడు. సగం దారి అయింది — ఏమీ లేదు. ఇంకొంచెం — ఏమీ లేదు. ఊపిరి వదిలాడు —

"తిన్నావా?"

వినై తాయెత్తులు గుప్పిట బిగించాడు.

"తిన్నావా?"

ఈసారి ఆ గొంతు వాడికి తెలిసింది. తావీ బాబాయ్ గొంతు. ఎవరి చితి మీద మా ఆచారం ప్రకారం తన చేత్తో గంధపు చెక్కపూవు పెట్టి, దండం పెట్టి, ఇంటికొచ్చాడో — ఆ మనిషి గొంతు. అదే జీర, అదే సాగదీత.

రాత్రి పిలిస్తే పలకకూడదని మాకు పాలతో పాటు పోస్తారు. వినైకీ పోశారు. కానీ పనిలేని ఆ రోజుల్లో రోజూ ఆ గొంతు అడిగేది, రోజూ వాడు బదులిచ్చేవాడు. భయపడ్డ బుర్ర ఆపేలోపే అలవాటుపడ్డ నోరు అనేసింది.

"ఇంకా లేదు బాబాయ్..."

చూరు మీంచి చుక్క పడింది. అయిపోయింది, ఇక "నాతో రా" అంటుంది అని వాడు కళ్లు మూసుకున్నాడు.

"కూర్చో, కూర్చో," అంది గొంతు. "గుడ్డు వెయ్యమంటావా?"

వినై పరుగెత్తాడు. పులిలా దూకానని చెప్పుకుంటాడు గానీ, కుయ్యోమంటూ పరుగెత్తాడని కేసోన్ అక్క చెప్పింది. వెనక్కి పోవడానికి ధైర్యం చాలక ముందుకే పోయి, రేవు దగ్గర కొట్టులో పడ్డాడు. అక్కడ పరంగి ముసలావిడ బల్ల మీద దండ పెట్టుకుని హాయిగా గంజి తాగుతోంది. దెయ్యం ఆవిడనూ అడిగే ఉంటుంది. భాష రాదు కాబట్టి బతికిపోయింది.

"పిన్నీ... బాబాయ్... గుడ్డు..." అన్నాడు వినై.

"గుడ్డేగా? వేస్తా, ముందు కూర్చో," అంది అక్క.

"కాదు పిన్నీ! బాబాయ్ అడిగాడు! గోడ దగ్గర! తిన్నావా అన్నాడు, కూర్చో అన్నాడు, గుడ్డు వెయ్యమంటావా అన్నాడు!"

అక్క గరిటె గిన్నెలో జారిపోయింది. భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుంది.

"నల్లోడు," అంది. "ఒరే, వాడు మా నల్లోడురా!"

అప్పుడు నాకు కబురొచ్చింది. ముసలావిడను మిగతావాళ్లకు అప్పగించి, వినై చుట్టుదారిన నా దగ్గరకొచ్చాడు. అక్కను నడిపించడానికి ఒక భుజం కావాలట. వెళ్లాను. నా భుజం పట్టుకుని, కుంటుకుంటూ, దారంతా చెప్పుకొచ్చింది. తావీ బావకు ఒక మాటకారి గోరువంక ఉండేది, మేమంతా దాని సంగతే మరిచిపోయాం. కొట్టు చూరుకు వేలాడుతూ, వచ్చినవాళ్లందర్నీ ఆయన గొంతుతో ఆయనకంటే ముందే అడిగేది. ఆయన పోయాక, ఆ పుణ్యం ఆయనకు చేరాలని, దాన్ని మా గుడి వాకిట్లోనే పంజరం తెరిచి వదిలేసిందట.

గోడ దగ్గరకు చేరాక టార్చి వేశాను. అన్నిటికంటే పెద్ద గూట్లో, దేవత ఉండాల్సిన చోట, పసుపు చెంపలతో కూర్చుని ఉన్నాడు నల్లోడు. చుట్టూ అరటితొక్కలు. బజారంతా గజగజ వణుకుతూ పెట్టిన పళ్లు తిని బొద్దుగా తయారయ్యాడు. పుణ్యానికి వదిలిన పిట్ట, పిలవడానికి మనుషులున్న చోటు వెతుక్కుని, అక్క కొట్టుకు పోయే దారిలోనే కాపురం పెట్టింది. పాపం, అది కొట్టుకు జనాన్ని పిలుస్తుంటే జనం పారిపోతున్నారు. ఒక్కడూ బదులివ్వలేదు కాబట్టి దాని రెండో మాట ఎవరూ వినలేదు. పెద్దలు చెప్పినవాటిలో మా బజారు ఇంత శ్రద్ధగా పాటించింది ఇదొక్కటే.

"తిన్నావా?" అన్నాడు నల్లోడు, వెలుగులోకి కళ్లు చికిలించి.

"లేదండీ," అంది అక్క. "మీరు పోయాక నన్నెవరడిగారు?"

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికేముంది, వచ్చింది. రోజూ ఆవిడను చూస్తాను, రోజూ కొట్టు గురించి అడుగుతాను. తిన్నావా అని నేనూ అడగలేదు.

"కూర్చో, కూర్చో. గుడ్డు వెయ్యమంటావా?" అంది పిట్ట. అక్క ఏడుస్తూనే నవ్వింది. వినై కూడా తాయెత్తులు వదిలి నవ్వాడు.

చాలాసేపు ఉన్నాం. ఇక పోదామని ఆవిడ చెయ్యి నా భుజం మీద వేసుకుని తిరిగాను. రెండడుగులు వేశామో లేదో, వెనకనుంచి... అదే గొంతు... ఇంకా మెల్లగా...

"కేసోన్... మోకాలు తగ్గిందా?"

ఎవరమూ వెనక్కి చూడలేదు.

ఇప్పుడు కొట్టు బాగానే నడుస్తోంది. వినై రోజూ మందను గూటి దగ్గర ఆపుతాడు, పరదేశీయులు వంకర నాలుకలతో "ఇంకా లేదు" అని నేర్చుకుని బదులిస్తారు, పిట్ట గుడ్డు వెయ్యమంటావా అంటుంది, అందరూ నవ్వుకుంటూ పోయి గంజి తాగుతారు. ఫోన్ల తొడుగులవాడు వేరే చోటు చూసుకున్నాడు. వినై అంతా చెబుతాడు, మోకాలి సంగతి తప్ప.

మొన్న నా దగ్గరకొచ్చి గుసగుసగా అడిగాడు. "అత్తా... పిట్ట విన్నదే కదా అంటుంది? పిన్ని జారిపడ్డది కిందటేడు. దాన్ని వదిలేసింది అంతకు ముందు. మరి ఎవరి దగ్గర విని ఉంటుంది?"

"నన్నడుగుతావేంరా? దండ కొంటావా లేదా?" అన్నాను.

నేను దెయ్యాలను నమ్మను. అది గోరువంక, నా కళ్లతో చూశాను. కాకపోతే ఇప్పుడు ఆ గోడ పక్కనుంచి పోవాల్సి వస్తే, అడిగేదాకా ఆగకుండా, "తిన్నాను బావా" అనేసి పోతున్నాను.