పేరు లేని తమ్ముడు, నల్లనూనె భూతం

భూరిసేనుడనే వర్తకుణ్ణి నేను ఈ జన్మకు క్షమించను, పిల్లలూ. రాజుగారి నగరంలో దీపాలకు నల్లనూనె తెస్తానన్నాడు. మా కొండ అవతల నేల అడుగున నిద్రపోతున్న నూనెభూతాన్ని లేపి, కొండ మీదుగా ఇనుప గొట్టం వేయించాడు. వద్దు మొర్రో అని మా జనం డప్పులు కొడుతూ దారికి అడ్డంగా కూర్చుంటే భటుల చేత ఈడ్పించాడు. చివరికి గొట్టం పగిలింది. మా ఊట నల్లబడింది. అందులో ఉండే ఊటతల్లిని భూతం గుహలోకి లాగేసింది.

మా కొండలో ఆ ఊటనీళ్ళు నుదుట అద్దితేగాని బిడ్డకు పేరు పెట్టరు. బుదరి అనే పిల్లకు అప్పుడే తమ్ముడు పుట్టాడు. వాణ్ణి ఏమని పిలవాలో తెలియక తల్లి మాటలు లేకుండానే ఊయల ఊపేది.

అది చూడలేక బుదరి ఊటతల్లిని తేవడానికి బయలుదేరింది. అవ్వ ఆనపబుర్ర చేతికిచ్చింది.

"ఊట పాడవకముందు ముంచిన నీళ్లే ఇవి. ఊటతల్లి ఎటుంటే అటు ఒరుగుతాయి. దాహమేసినా తాగీకు!"

కానీ ఎవరి గుమ్మం తొక్కినా ముందు గుక్కెడు నీళ్ళు నేలకు పోయడం మా ఆచారం. బుదరి ఎలుగుబంటి గుహ ముందు పోసింది. అది మెచ్చి, వీపు మీద ఎక్కించుకుని ముళ్ళడవి దాటించి, తానూ వెంట నడిచింది. ముని పాక ముందు పోసింది. ఆయన మంటల లోయలో దారి చూపాడు. భూతం గుహ చేరేసరికి బుర్రలో ఒక్క గుక్కే మిగిలింది. బుదరి దాన్నీ గుమ్మంలో పోసేసింది.

"ఓసి పిచ్చిమొకమా! దీనికి కూడానా?" అని ఎలుగు నెత్తి కొట్టుకుంది.

"దానిదీ ఇల్లే గదా, మావా!"

లోపలినుంచి భూతం కొండలా కదిలింది. "పైన ఆ డప్పులేమిటే? నన్ను రమ్మనా?"

"నిన్నెవుడు రమ్మన్నాడు? రావొద్దనే కొడతన్నారు!"

భూతం పెద్ద నిట్టూర్పు విడిచింది. "నేను వస్తానన్నానా? ఆ వర్తకుడు లాగుతున్నాడు. అందరూ నన్ను తోడుకుపోయేవాళ్ళే. నాకింత పోసినదానివి నువ్వొక్కతివే. ఏం కావాలి నీకు?"

"మా ఊటతల్లి. మా తమ్ముడికి పేరు."

"తీసుకుపో. ఆ డప్పులు మాత్రం ఆపొద్దను. జోలపాటలా మెల్లగా కొట్టమను. నిద్రకు మొహం వాచిపోయాను."

ఊటతల్లి చల్లగా బుర్రలోకి దిగింది. బుదరి తిరిగొచ్చి ఆమెను ఊటలోకి దింపి, భూతం మాట చెప్పగానే కొండంతా డప్పు మెల్లగా మోగింది. భూతం నిద్రపోయింది. గొట్టం ఖాళీగా బుసకొట్టి ఊరుకుంది. రాజు సిగ్గుపడి దాన్ని పీకించాడు, భూరిసేనుణ్ణి దేశం దాటించాడు. ఊట తేరుకుంది. పిల్లవాడి నుదుట చెమ్మ తగిలింది. ఊటయ్య అన్నారు. ఆ రోజంతా తల్లి పని లేకపోయినా వాణ్ణి పేరు పెట్టి పిలుస్తూనే ఉంది.

బుదరి పెద్దదై, కోరినవాణ్ణి పెళ్లాడి, కొండకు పెద్దయింది. అందరూ సుఖంగానే ఉన్నారు. గొట్టం పీకిన చోట మాత్రం ఈనాటికీ గడ్డి మొలవలేదు. ఊట చప్పుడు వినబడినప్పుడల్లా నా కళ్ళు అటే పోతాయి. గడ్డి మొలవని ఆ చోటే ఒకప్పుడు నేను మూడు కుంచాల సామలు చల్లుకున్న పోడు నేల.